చెయ్యి భుజం దాటకూడదు

మగాడి ఛాతీ మీద ఏముండాలని మా కోస్గిలో ఎవరినడిగినా వెంట్రుకలంటారు. ఎన్నికలప్పుడైతే కండువా అంటారు. నాకు ఈ రెండూ ఉన్నాయి. వీటికి తోడు ఇంకో రెండు కూడా ఉండేవి.

ఏడో తరగతిలో మొదలయ్యాయి. మీసం కంటే ముందొచ్చాయి. వయసుతో పాటు అవే పోతాయిలే అని మా ఊరి ఆర్ఎంపీ డాక్టరు భరోసా ఇచ్చాడు. మీసం వచ్చింది, గొంతు మారింది, పెళ్లయింది, పిల్లలు పుట్టారు, చివరికి నెత్తి మీద జుట్టు కూడా పలచబడింది. అవి మాత్రం ఎక్కడికీ పోలేదు. డాక్టర్లు దానికేదో పొడుగాటి పేరు పెట్టుకున్నారు. బడిలో నా క్లాసువాళ్లు పెట్టిన పేరు చాలా పొట్టిది, ఇక్కడ రాయను.

ఇరవై ఏళ్లకు పైగా నా బతుకంతా ఆ రెంటినీ దాచడంతోనే సరిపోయింది. కోస్గిలో నాది మోటర్లు వైండింగ్ చేసే దుకాణం. మా దగ్గర వేసవి అంటే బోర్లు ఎండి మోటర్లు కాలిపోయే కాలం. ఊరంతా బనీను కూడా విప్పి విసనకర్రలతో కూర్చునే ఆ ఎండలో నేను రెండు బనీన్లు, వాటి మీద వదులు చొక్కా వేసుకుని చెమటలు కక్కుతూ రాగితీగ చుట్టేవాణ్ని. చొక్కాకు రెండు పక్కలా జేబులు కుట్టించేవాణ్ని. ఒకదాంట్లో టెస్టరు, స్క్రూడ్రైవరు, రెండోదాంట్లో ఫోను, బిల్లుబుక్కు. పనోడన్నాక జేబులు ఉబ్బే ఉంటాయి కదా అని జనం అనుకోవాలి. ఫొటో దిగితే ఎవరో ఒకరి పిల్లను ఎత్తుకునేవాణ్ని. చుట్టాల్లో నాకు పిల్లలంటే ప్రాణమని పేరొచ్చింది. ఆ పేరుకు నేను అర్హుణ్ని కాదు.

తెలంగాణ రాష్ట్రం వచ్చాక మా కోస్గికి చాలా వచ్చాయి. వాటిలో ఒకటి ఎరువుల దుకాణం పైన జిమ్ము. ఆ మెట్లెక్కేటప్పుడు ముక్కుకు యూరియా వాసన, దిగేటప్పుడు చెమట వాసన. ఏడాది పైగా వెళ్లాను. చేతులు గట్టిపడ్డాయి, పొట్ట లోపలికి పోయింది, బుగ్గలు పీక్కుపోయాయి. మా అమ్మ నన్ను చూసి కోడలు తిండి పెట్టడం లేదని వాడంతా చాటింది. అన్నీ తగ్గాయి. చుట్టూ ఉన్నవి తగ్గేసరికి అవి ఇంకా బాగా కనిపించసాగాయి. అది కొవ్వు కాదని, గ్రంథి అని, ఎంత బరువులెత్తినా కరగదని ఆ తర్వాతెప్పుడో తెలిసింది. ఆ ఏడాదంతా నేను జిమ్ములో చేసిన ఘనకార్యం వాటికి అరుగు కట్టి పీట వేసి కూర్చోబెట్టడమే.

నన్ను కదిలించింది నా భార్య. ఒకరోజు పెళ్లి ఊరేగింపులో అందరూ చేతులెత్తి ఎగురుతుంటే నేను చంకలో హ్యాండుబ్యాగు పెట్టుకుని ఓ పక్కన నిలబడ్డాను. బ్యాగు ఆమెదే. ఇంటికొచ్చాక చెవి కమ్మలు తీస్తూ అంది.

"నువ్వు సచ్చేదాంక గిట్లనే వంగి నడుస్తవా? పిల్లలు గూడ నిన్ను సూసి వంగి నడుస్తున్నరు. ఎరికేనా నీకు?"

అది నాకు తెలియదు. మరునాడు మా వాడు బడికి పోతుంటే చూశాను. బక్కపలచటి పిల్లాడు, ఛాతీ మీద ఏమీ లేదు, అయినా భుజాలు ముందుకు వంచి నడుస్తున్నాడు. నాకు సిగ్గేసింది. అంతకంటే ఎక్కువ భయమేసింది.

హైదరాబాదులో డాక్టరమ్మను కలిశాం. కోస్తా వైపు మనిషి. చొక్కా విప్పమంది. పరాయి ఆడమనిషి ముందు నేను మొదటిసారి చొక్కా విప్పింది అక్కడే. ఆమె మాత్రం కూరగాయల బండి దగ్గర సొరకాయ చూసినట్టు అటూ ఇటూ నొక్కి చూసి, చేతులు కడుక్కుని, "చేసేద్దాం" అంది. అంతే. ఇరవై ఏళ్ల నా రహస్యం ఆమెకు మధ్యాహ్నం భోజనానికి ముందు చేసే పని.

ఇంట్లో మాత్రం మోటర్ల కంపెనీ వాళ్లు ట్రైనింగుకు పిలిచారని చెప్పాను. నిజం నా భార్యకొక్కదానికే తెలుసు.

ఆపరేషను సంగతి పెద్దగా చెప్పడానికేం లేదు. మత్తిచ్చారు, లేచేసరికి సాఫు చేసేశారు. అసలు కథ ఆ తర్వాతే. ముందువైపు జిప్పు ఉన్న నల్లటి బిగుతు బనీను ఒకటి తొడిగి, స్నానానికి తప్ప విప్పొద్దన్నారు. ఇప్పటిదాకా రెండు బనీన్లు ఉండేవి, ఇప్పుడు మూడయ్యాయి. డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి, నా భార్యను పక్కన సాక్ష్యం పెట్టుకుని, చెప్పాల్సిందంతా చెప్పింది. రేపటి నుంచే నడవాలి, పడుకునే ఉంటే మంచిది కాదు. బరువులెత్తకూడదు. కొన్నాళ్లాగి కాళ్లకు పని చెప్పొచ్చు. పరుగు ఆ తర్వాత. జిమ్ము నెలన్నర దాటాక, అది కూడా తేలికగా మొదలుపెట్టి. ఛాతీ వ్యాయామాలు, ఈత అన్నిటికంటే చివర. అప్పటిదాకా చెయ్యి భుజం దాటి పైకి లేవకూడదు.

"నాకు నొప్పి తక్కువే మేడం, తొందరగా తగ్గిపోతుంది" అన్నాను హుషారుగా.

"నొప్పి తగ్గడం వేరు, మానడం వేరు. ఒళ్లు మీది, కుట్లు నావి. నా కుట్లు విప్పే హక్కు మీకు లేదు" అంది. "ఒక పక్క ఉన్నట్టుండి ఉబ్బి గట్టిపడితే లోపల రక్తం చేరిందని అర్థం. మళ్లీ కోయాల్సొస్తుంది. రెండోసారి ఇంత అందంగా రాదు."

ఆ ఆఖరి మాట నా గుండెలో దిగబడింది. ఇరవై ఏళ్లు మోసి మోసి దించుకున్నాను. నా తొందరపాటు వల్ల మళ్లీ గడ్డకట్టి, వంకర తిరిగి, ఒకటి సాపుగా ఒకటి ఎత్తుగా మిగిలితే ఎవరికి చెప్పుకోను? అందుకే నా జీవితంలో మొదటిసారి డాక్టరు చెప్పిన మాట చెప్పినట్టు వినాలని గట్టిగా అనుకున్నాను.

మొదటి మెట్టు నడక. హైదరాబాదులో నడిచేవాణ్ని ఎవరూ పట్టించుకోరు. మా ఊళ్లో పనిలేకుండా నడిచే మగాడు ఇద్దరిలో ఒకడై ఉండాలి. పొలం హద్దు గొడవలో ఉన్నవాడు, లేదా షుగరు వచ్చినవాడు. నేను పొద్దున్నే చేతులు ఒంటికి అంటించుకుని, కొత్తగా బడిలో చేరిన పిల్లాడిలా నిటారుగా నడుస్తుంటే మూడోనాటికే ఊరు తీర్పు చెప్పేసింది.

"షుగరా?" అన్నాడు పాలు పోసే ఆయన, సైకిలు దిగి మరీ.

కాదంటే ఇంకేంటని అడుగుతాడు. నేను తల ఒకలా ఊపాను. అవునని కాదు, కాదని కాదు. అది చాలు మా ఊరికి. ఆ సాయంత్రానికి మా అమ్మ వంటింట్లో అన్నం గిన్నె మీద మూత పెట్టేసి నా ముందు జొన్నరొట్టె పెట్టింది. టీలో చక్కెర పోయింది. పొద్దున లేవగానే గ్లాసెడు కాకరకాయ రసం. మా చిన్నమ్మ నారాయణపేట నుంచి ఫోను చేసి ఏవో ఆకులు నమలమంది. షుగరున్న పాత కాపులందరూ నన్ను తమ సంఘంలో చేర్చుకున్నట్టు దారిలో ఆగి పలకరించేవాళ్లు. ఒకాయన అయితే తన పాదాల పుండు చూపించి, నా పాదాలు చూపించమన్నాడు.

ఇంట్లో అందరికంటే కుంగిపోయింది మా నాయిన. మనిషి పొడగరి, ఎండకు మాడిన రైతు. మాట తక్కువ, దగ్గు ఎక్కువ. రొట్టె తింటున్న నన్ను చూసి, "మా వంశంల ఎవ్వనికి లేకుండె గదరా షుగరు. నీకెట్లొచ్చె" అని లేచి వెళ్లిపోయాడు. నా భార్య పళ్లెం వెనక ముఖం దాచుకుని నవ్వింది. నాకు ఆమె మీద కోపమొచ్చింది కానీ కేకలేద్దామంటే ఛాతీ లాగుతోంది.

దుకాణంలో ఇంకో తంటా. నీళ్లలో దిగే మోటరు మామూలు బరువుండదు. ఎవరో రైతు బండి మీద కట్టుకొచ్చి, "అన్నా, జర ఓ చెయ్యెయ్యే" అంటాడు. నేను ఫోను చెవికి పెట్టుకుని ఎవరితోనో మాట్లాడుతున్నట్టు నటిస్తూ బయటికి పోయేవాణ్ని. మా దుకాణానికి వచ్చే రైతుల్లో నాకు పొగరు పెరిగిందన్న మాట మొదలైంది. హైదరాబాదు ట్రైనింగు వల్ల అన్నారు. నేను సర్దిచెప్పలేదు. పొగరుబోతు అనిపించుకోవడం నాకు కొత్తగా, కాస్త బాగానే ఉంది.

ఇవన్నీ తట్టుకున్నాను. ఒక్కటే లెక్క తప్పాను.

మా ఊళ్లో పీర్ల పండుగ పెద్దది. మొహర్రం నెలలో పీర్ల కొట్టంలో పీర్లను నిలబెడతారు. సాయబుల పండుగే అయినా ఊరంతా చేస్తుంది. అందులో ఒక పీరును మోసే హక్కు మా ఇంటిది. ఎందుకని అడిగితే ఎవరూ చెప్పలేరు. తాత మోశాడు, నాయిన మోశాడు. నాయిన మోకాళ్లు మొండికేశాక నాలుగైదేళ్లుగా నేను మోస్తున్నాను. మా పెదనాయిన కొడుకు, నాకు అన్న వరసవాడు, ఒక్క ఏడైనా తన చేతికి రాకపోతుందా అని కొట్టం చుట్టూ తిరుగుతుంటాడు.

ఆపరేషనుకు ముందు నేను తేదీలు చూసుకోకపోలేదు. పోయినేడు పీర్లు లేచినప్పుడు పత్తిలో రెండో కలుపుతీత నడుస్తోందని నాకు గట్టిగా గుర్తు. కాబట్టి ఈసారీ కలుపు నాటికే అనుకున్నాను. అప్పటికి డాక్టరమ్మ గడువు ఎప్పుడో దాటిపోతుంది. మొహర్రం ఏటేటా పదీ పదకొండు రోజులు ముందే వస్తుందని మా ఊళ్లో చిన్నపిల్లకు కూడా తెలుసు. నాకూ తెలుసు. కానీ నేను రైతు కొడుకును. నా నెత్తిలో ఉన్న క్యాలెండరు పత్తి చేనుది. పండుగకు, చేనుకు సంబంధం లేదన్న సంగతి, ఈ ఏడు వానలు ఆలస్యమై ఇంకా విత్తనాలు పెట్టడం అవుతుండగానే డప్పుల మోత వినపడినప్పుడు అర్థమైంది. నాకు కుట్లు పడి నెల కూడా నిండలేదు.

పీరంటే చూడనివాళ్ల కోసం చెప్తున్నాను. పొడుగాటి కర్రకు పైన లోహపు గుర్తు, దాని కింద రంగురంగుల బట్టలు. మోసేవాడు దాన్ని రెండు చేతులా ఎత్తి పట్టుకుని ఊరంతా తిరగాలి, కొట్టం ముందు నిప్పుల గుండం చుట్టూ ఆడాలి. ప్రతి గడప దగ్గరా ఆగితే ఆడవాళ్లు కాళ్ల మీద నీళ్లు పోసి, పీరుకు దట్టీ అనే కొత్త బట్ట కడతారు, ఎండుకొబ్బరి చిప్పల దండలు వేస్తారు. కొట్టంలో బయల్దేరినప్పుడు ఉన్న బరువు వేరు, వాడకట్టు దాటేసరికి బరువు వేరు.

డాక్టరమ్మకు ఫోను చేశాను.

"మేడం, మా ఊళ్లో పీరు మోయాలి."

"ఎవరిని మోయాలి?"

వివరించాను. ఆమె ఓపికగా విని, "ఎంత బరువుంటుంది?" అంది.

"మొక్కులను బట్టి మేడం."

"చేతులు ఎక్కడిదాకా ఎత్తాలి?"

"నెత్తి మీదికి."

"చెయ్యి భుజం దాటకూడదు. దేవుడికైనా సరే, దేశానికైనా సరే. మీ వాళ్లకు నిజం చెప్పండి" అని పెట్టేసింది.

నిజం చెప్పడం ఆమెకు సులువు. ఏమని చెప్పను? షుగరుంటే పీరు మోయకూడదని ఎక్కడా లేదు. మా ఊళ్లో మోసేవాళ్లలో సగం మంది షుగరు మనుషులే. నిజం చెబితే ఇరవై ఏళ్లు చొక్కా కింద దాచినదాన్ని డప్పు కొట్టి చాటినట్టే. ఏమీ చెప్పకుండా తప్పుకుంటే పీరు అన్న చేతికి పోతుంది, నాయిన తల దించుకుంటాడు. రెంటికీ ధైర్యం చాలక మూడో దారి పట్టాను. మోసేస్తే పోలా అనుకున్నాను. దుకాణం వెనక ఒక పీవీసీ పైపు తీసుకుని మెల్లగా ఎత్తి చూశాను. భుజం దాటిందో లేదో, ఎడమవైపు లోపలెక్కడో బట్ట చిరుగుతున్నట్టు లాగింది. పైపు కిందపడ్డ చప్పుడుకు టిఫిను డబ్బా తెచ్చిన నా భార్య లోపలికి తొంగి చూసింది.

"పైపును మొక్కుతున్నవా? మొక్కు మొక్కు. గింత బుద్ధి ఇమ్మని మొక్కు" అంది. తర్వాత నా ముఖం చూసి గొంతు తగ్గించింది. "మామకు చెప్పయ్యా. ఏమంటడు? తిడతడు, గంతే గదా."

తిడతాడనే భయం కాదు నాది. నవ్వుతాడని. ఛాతీ మీద చెయ్యేసుకుని చెప్పే మాట, నా ఛాతీ గురించి నాయినతో ఒక్కనాడూ మాట్లాడలేదు. ఆయనా మాట్లాడలేదు. మగాడంటే ఎలా ఉండాలో ఆయన్ను చూసి నేర్చుకున్నాను. అలాంటి మనిషికి, నేను పట్నం పోయి అందానికి కోయించుకొచ్చానని ఏ నోటితో చెప్పను?

పీర్లు బయల్దేరే రోజు రానే వచ్చింది. మోసేవాడు ఆ పొద్దున తడిబట్టలతో స్నానం చేయాలి. మా ఇంట్లో దానికొక పద్ధతుంది. పొలం దగ్గర బోరు కింద కూర్చుంటే ఇంటి పెద్ద నెత్తి మీద నీళ్లు పోస్తాడు. చొక్కా, బనీను విప్పకూడదు. ఇది పీర్ల ఆచారమనే నేను చిన్నప్పటి నుంచి అనుకుంటున్నాను. అందుకే నాకు ఆ స్నానమంటే భయం లేదు.

బోరు కింద కూర్చున్నాను. నాయిన కుండ ముంచి మొదటి నీళ్లు పోశాడు. నేను తెల్ల చొక్కా వేసుకున్నానని, దాని కింద బనీను కూడా తెల్లదేనని, రెంటి కింద ఉన్నది మాత్రం నల్లదని ఆ క్షణంలోనే గుర్తొచ్చింది. రెండో కుండ పైకి లేచింది కానీ నీళ్లు పడలేదు.

"గదేందిరా లోపట?"

నేను చేతులు ఛాతీకి అడ్డం పెట్టుకున్నాను.

"జిప్పున్నది. ఆడోళ్లది తొడిగినవా?"

చుట్టూ ఎవరూ లేరు. చేనంతా అప్పుడే మొలిచిన పత్తి. ఇంక దాచడానికి ఓపిక లేక చెప్పేశాను. షుగరు లేదన్నాను. ట్రైనింగు అబద్ధమన్నాను. ఆపరేషను అయిందని, చెయ్యి పైకెత్తితే లోపల రక్తం చేరుతుందని, మళ్లీ కోస్తారని, ఇదంతా నవ్వులాటగా ఉందని నాకు తెలుసని, ఏడో తరగతి నుంచి కోయించుకునేదాకా నేను ఒక్కరోజు కూడా నిటారుగా నడవలేదని. ముప్పై అయిదు దాటిన మనిషిని, తడి చొక్కాతో బురదలో కూర్చుని ఏడ్చాను.

నాయిన కుండ కింద పెట్టాడు. నవ్వలేదు.

"ఇప్పు, సూద్దాం" అన్నాడు.

చొక్కా విప్పాను. జిప్పు లాగాను. ఆయన వంగి, కళ్లు చికిలించి, మోటరు బాగైందో లేదో రైతు చూసుకున్నట్టు చూశాడు. చూపుడు వేలుతో ఒక్కసారి తాకాడు.

"నొచ్చిందా?"

"కొంచెం."

"గింత సాపుగ అయితదా?" అన్నాడు. ఆ గొంతులో ఉన్నది కోపం కాదు. ఏమిటో నాకప్పుడు తెలియలేదు. "మీ అమ్మ నెలనుంచి ఆ కాకరకాయలకోసం మోత్కూరు దాంక చుట్టాలను అడుగుతాంది గదరా, దొంగోడా" అని, నన్ను రెక్క పట్టి లేపి పక్కకు జరిపి, నా జాగాలో తను కూర్చున్నాడు. "పొయ్యి నీళ్లు. పీరు నేను మోస్త."

"నీ మోకాళ్లు?"

"మోకాళ్లకు కుట్లు లెవ్వు గద. పొయ్యి."

అప్పుడు చొక్కా విప్పాడు. ఆ తర్వాత, నేను పుట్టిన నాటి నుంచి ఎన్నడూ చూడనిది, బనీను విప్పాడు.

నాయిన ఛాతీ నాదే. కోయించుకోక ముందు నాది ఎలా ఉండేదో అలాగే. వయసుకు జారి, నెరిసిన వెంట్రుకలతో. నేను కుండ పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

"తడిబట్టల తానం పీర్ల ఆచారం కాదురా" అన్నాడు తల వంచుకుని. "నేనే పెట్టిన. మా నాయిన ఇప్పేటోడు."

నీళ్లు పోశాను. ఆయన ముఖం తుడుచుకుని, ఊరి వైపు చూస్తూ అన్నాడు. "పీరు మోసేటోన్ని ఎవ్వడు సూడడు. అందరు పీరునే సూస్తరు. దట్టీలన్ని ముందలికి ఏలాడుతయి, ఛాతి మొత్తం కప్పుతయి. ఊళ్లె నేను చేతులెత్తి నిలవడ్డది గదొక్కటే పండుగకు."

ఇన్నేళ్లూ ఆయన భక్తికి మోశాడనుకున్నాను, పరువుకు మోశాడనుకున్నాను. ఆయన మీద అంత ప్రేమ నాకు అంతకు ముందెప్పుడూ కలగలేదు. అంత కోపం కూడా కలగలేదు. ఏడో తరగతిలో ఒక్కసారి, ఒక్క మాట, నాకూ ఉన్నాయిరా అని చెప్పి ఉంటే నేను ఇరవై ఏళ్లు ఇంత ఒంటరిగా వంగేవాణ్ని కాదు.

ఆ పూట నాయిన పీరు ఎత్తాడు. ఊరు ఊరంతా ముక్కున వేలేసుకుంది. అన్న నా పక్కకొచ్చి, "ఏమైందిరా నీకు? పెద్దాయనకిచ్చినవ్?" అని ఆరా తీశాడు. నేను నోరు తెరిచే లోపు నాయినే వెనక్కి తిరిగి, "వానికి సంకల గడ్డ లేసింది" అన్నాడు. అబద్ధాలాడటంలో నేనెవరి కొడుకునో అప్పుడు తెలిసింది. ఆయన మోకాళ్లు వణుకుతూనే ఉన్నాయి. నేను ఊదుపొగ గిన్నె నడుము దగ్గర పట్టుకుని, చేతులు పైకి రాకుండా చూసుకుంటూ ఊరంతా ఆయన వెనకే నడిచాను. పీర్ల సేవ చూసే కొట్టం పెద్ద ముజావరు దారి పొడుగునా మమ్మల్ని చూస్తూ, "ఖైర్, కానియ్యి, తండ్రి ముందల, కొడుకు ఎనుక. మంచిగనే ఉన్నది" అన్నాడు.

పండుగయ్యాక నాయిన ఆ సంగతి మళ్లీ ఎత్తింది ఒకే ఒకసారి. దుకాణానికి వచ్చి, స్టూలు మీద కూర్చుని, కాలిపోయిన మోటరు వైపు చూస్తూ, "గీ వయసుల గూడ చేస్తరారా గది?" అని అడిగాడు. చేస్తారు, ముందు గుండె, బీపీ అన్నీ చూస్తారు అన్నాను. తీసుకుపోతానన్నాను. "చేసినంక ఎన్నొద్దులు చెయ్యి ఎత్తొద్దంటరు?" అన్నాడు. చెప్పాను. "వద్దు తియ్యి. పత్తి ఎవడు ఏరుతడు" అని లేచాడు.

నేను మాత్రం డాక్టరమ్మ మాట జవదాటలేదు. పరుగు మొదలుపెట్టమన్నాకే పరిగెత్తాను. జిమ్ముకు తిరిగి పోయిన రోజు అక్కడున్న అతి చిన్న డంబెల్సు, అమ్మాయిల కోసం తెచ్చిన గులాబీ రంగువి, పట్టుకుని అద్దం ముందు నిలబడ్డాను. అందరూ నవ్వారు. నవ్వనిచ్చాను. చలికాలం దాటాక ఆమె మచ్చలు పరీక్షించి, "ఇంక నా కుట్లు నాకొద్దు, ఈత కూడా కొట్టుకోండి" అని నన్ను నాకు అప్పగించింది.

మా పొలంలో తాతలనాటి బావి ఉంది. ఏళ్ల తరబడి ఎండి ముళ్లకంప వేసే గుంతగా ఉండేది. పైనున్న చెరువు పూడిక తీశాక దాంట్లోకి మళ్లీ నీళ్లొచ్చాయి. ఎండలు ముదిరిన ఒక మధ్యాహ్నం నాయినతో చెప్పాను, డాక్టరమ్మ ఈతకు ఒప్పుకుందని. ఆయన నా వెంట వచ్చాడు. బావికి అవతలి గట్టున చెట్టు నీడలో అన్న, ఇద్దరు కూలోళ్లు సద్ది తింటున్నారు.

నేను చుట్టూ చూస్తున్నాను. వాళ్లు తిని పోయేదాకా ఆగుదామా అనుకుంటున్నాను. నాయిన చొక్కా విప్పి కొమ్మకు తగిలించాడు. బనీను కూడా విప్పి దాని మీద వేశాడు. అన్న నోట్లో ముద్ద అలాగే ఆగిపోయింది. నాయిన అటు చూడనేలేదు. మోకాళ్లు పట్టుకుని ఒక్కో మెట్టు దిగి, సగం దాకా పోయి, ముక్కు మూసుకుని దూకాడు. ఆయనకు ఈతొచ్చని నాకు ఆనాటి దాకా తెలియదు. నీళ్లలోంచి తల పైకెత్తి, రెండు చేతులూ నెత్తి మీద దాకా లేపి బారలు వేశాడు.

"దుంకురా!" అని కేక పెట్టాడు.

నేను పై మెట్టు మీద ఉన్నాను. ఛాతీ పలకలా ఉంది. మచ్చ కూడా వెతికితే తప్ప కనపడదు. చెయ్యి మొదటి గుండీ మీదే ఉంది, కదలడం లేదు.

"ఇంగేమున్నదిరా దాసనీకి?" అన్నాడు నాయిన కింద నుంచి.

ఏమీ లేదు. అయినా గుండీలు విప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. ఆయన అంతసేపూ నీళ్లలోనే ఉన్నాడు, నా వైపు చూస్తూ.